అత్రాఫె బల్దా – మల్కాజిగిరి పొలిమేరల్లో మా చిన్ననాటి రోజులు

ప్రత్యేక సంచికకు ఏదైనా పాత సంగతి రాసి ఇవ్వమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. సభ్యులలో చాలామంది ఉద్యోగ జ్ఞాపకాలు రాస్తూనే ఉన్నారు గనుక, నేను ఉద్యోగానికి ముందు సంగతి, అనగా పెరిగిన చోటు సంగతి రాయదలచాను. నేను పుట్టింది 1949లో. పెరిగింది సికింద్రాబాదుకు తూర్పున, లాలాగూడకూ మల్కాజిగిరికీ నడుమ. ఆ చోటు పట్నం కాదని నేడు అంటే మనవలు నవ్వుతారు. అది పట్నమే అని ఆనాడు మేము అంటే సికింద్రాబాదు పిల్లలు నవ్వేవారు. ఈ రెండు నవ్వులకూ మధ్య జరిగిన సంగతులే ఈ వ్యాసం.

పట్నం చుట్టుపక్కలు

నిజాం కాలంలో హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రామాలను కలిపి 'అత్రాఫె బల్దా' అనే జిల్లాగా ఉంచారు. బల్దా అంటే పట్నం, అత్రాఫ్ అంటే చుట్టుపక్కలు. ఇది సర్ఫెఖాస్ జిల్లా. దీని రాబడి నేరుగా నిజాంగారి సొంత ఖజానాకు పోయేది. 1948 పోలీసు చర్య తర్వాత ఈ జిల్లానూ, 'బాగాత్' అనే మరో చిన్న జిల్లానూ కలిపి హైదరాబాదు జిల్లా చేశారు. మునిసిపాలిటీని మనం ఈనాటికీ 'బల్దియా' అనడంలో ఆ పాతమాట మిగిలి ఉన్నది. చుట్టుపక్కల అన్న మాటే ఒక జిల్లాకు పేరైనప్పుడు, ఆ జిల్లాలో పుట్టిన మమ్మల్ని పట్నంవారు చుట్టుపక్కలవారుగానే చూడటంలో వింత ఏమున్నది!

మల్కాజిగిరి అన్నది మల్లికార్జునగిరి నుంచి వచ్చిందని మా పెద్దలు చెప్పేవారు. మిగతా పేర్లకు అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. నేరేడుమెట్టులో నేరేడు ఉన్నది, మెట్ట ఉన్నది. ఆనంద్‌బాగ్‌లో తోట ఉన్నది. తార్నాక అంటే తీగకంచె వేసిన నాకా అంటారు. నాకా అంటే పట్నంలోకి వచ్చే సరుకును ఆపి చూసే చోటు. దానికి అవతల ఉన్నవారిది పట్నం కాదన్నమాట. మా ఇల్లు అవతల ఉండేది.

చిరునామా ముచ్చట ఒకటి చెప్పాలి. మా నాయన కట్టించిన ఇల్లు అంగుళం కూడా కదలలేదు. నేను పుట్టినప్పుడు అది హైదరాబాదు రాష్ట్రంలో ఉన్నది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చింది. 1978లో హైదరాబాదు జిల్లా పోయి రంగారెడ్డి జిల్లా అయింది. 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. 2014లో తెలంగాణ వచ్చింది. 2016లో మేడ్చల్-మల్కాజిగిరి జిల్లా అయింది. ఇన్నిసార్లు బదిలీ అయిన ఉద్యోగి మన సంఘంలో కూడా ఉండకపోవచ్చు!

కార్ఖానా కూత

మా ప్రాంతానికి అన్నం పెట్టింది రైలు. 1874లో సికింద్రాబాదుకు వాడి నుంచి రైలు వచ్చింది. 1893లో లాలాగూడలో బోగీలు బాగుచేసే కార్ఖానా పెట్టారు. 1900 ప్రాంతంలో మన్మాడుకు మీటరుగేజి లైను వేశారు. మల్కాజిగిరి స్టేషను ఆ లైను మీదిదే. 1930లో నిజాం ప్రభుత్వమే రైల్వేను కొనుక్కొని నిజాం స్టేట్ రైల్వే అని పేరు పెట్టింది. తర్వాత అది భారత ప్రభుత్వానిదై, 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది. 1966 అక్టోబరు 2న సికింద్రాబాదు కేంద్రంగా దక్షిణమధ్య రైల్వే ఏర్పడింది.

మా నాయన ఆ కార్ఖానాలో ఫిట్టరు. కొలువులో చేరింది నిజాం స్టేట్ రైల్వేలో, దిగిపోయింది దక్షిణమధ్య రైల్వేలో. మా వాడకట్టుకు గడియారం అక్కరలేదు. కార్ఖానా సైరన్ మొదటి కూతకు పొయ్యి వెలిగేది, రెండో కూతకు నాయన సైకిలు ఎక్కేవాడు. సాయంత్రం కూత వినగానే మా అమ్మ చాయ్‌కి నీళ్లు పెట్టేది. బడి పిల్లలం, గొర్లు కాసేవాళ్లు, కల్లు దుకాణంవాడు, అందరి పొద్దూ ఆ కూతతోనే.

కార్ఖానా వల్ల మా వాడకట్టులో అన్ని భాషలూ ఉండేవి. ఎడమపక్క ఇంటివారు తమిళులు, కుడిపక్క మరాఠీవారు, ఎదురింట్లో ఉర్దూ మాట్లాడే కుటుంబం. మెట్టుగూడ వైపు రైల్వే క్వార్టర్లలో ఆంగ్లో ఇండియన్ డ్రైవర్లు, గార్డులు ఉండేవారు. క్రిస్మసుకు వారి ఇళ్ల కేకులు మా ఇళ్లకు వచ్చేవి. మా ఎదురింటి చాచాగారు, మా నాయన ఒకే షాపులో పనిచేసేవారు. ఉగాది పచ్చడి అటు పోయేది, రంజాను నాడు షీర్‌ఖుర్మా ఇటు వచ్చేది. దీన్ని ఎవరూ మతసామరస్యం అని పిలవలేదు. ఇరుగుపొరుగు అనుకున్నారు, అంతే.

జీతం రోజున కిరాణా షావుకారు ఖాతా పుస్తకం తీసుకొని వచ్చి అరుగు మీద కూర్చునేవాడు. నెల పొడుగునా ఉద్దెర, ఒకటో తారీఖున చుక్తా. మా అమ్మకు చదువు రాదు. గోడ మీద బొగ్గుతో గీతలు గీసి పెట్టుకొనేది. షావుకారు లెక్కకూ గోడ లెక్కకూ తేడా వస్తే గోడదే చెల్లుబాటు.

హాలీ, కల్దార్, నయాపైస

ఇంట్లో ముసలివాళ్లు అప్పటికీ 'హాలీ'లోనే లెక్క చెప్పేవారు. నిజాం రూపాయి హాలీ సిక్కా, ఇంగ్లీషు రూపాయి కల్దార్. 7 హాలీ రూపాయలు 6 కల్దార్ రూపాయలకు సమానం. నిజాం రాజ్యం పోయినా హాలీ సిక్కా 1959 దాకా చెలామణిలో ఉన్నది. ఇంతలో 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చాయి. రూపాయికి 16 అణాలు పోయి 100 నయాపైసలు. అణాకు ఆరుంబావు నయాపైసలు రావాలి. పావు నయాపైస ఎక్కడినుంచి తెస్తాడు దుకాణంవాడు? ఆరే ఇచ్చేవాడు. నాలుగు అణాల సరుకు ఒక్కసారి కొంటే 25, అణా అణాగా కొంటే 24. ఈ కిటుకు కనిపెట్టి, అణా అణాగా నాలుగుసార్లు కొని ఒక నయాపైస మిగిల్చేవాళ్లం. మా నానమ్మ హాలీలో, మా నాయన అణాల్లో, నేను నయాపైసల్లో లెక్కపెడితే ఒకే ఇంట్లో మూడు ప్రభుత్వాలు నడిచినట్టుండేది.

పండుగలకు మా దిక్కు పెద్ద సంబరం మౌలాలి ఉర్సు. కుతుబ్‌షాహీల నాటి నుంచి పేరున్న గుట్ట అది. రజబ్ నెలలో జరిగే ఆ ఉర్సుకు పట్నమంతా మా మీదుగానే పోయేది. బండ్లు, టాంగాలు, కాలినడక జనం. తోవ పొడుగునా పుట్నాలు, బత్తీసాలు, బొమ్మలు. కవయిత్రి మహలఖా బాయి చందా సమాధి ఆ గుట్ట కిందనే ఉన్నది. ఆమె 1824లో పోయింది. ఉర్దూలో పేరుపొందిన కవయిత్రి అని మాకు అప్పుడు తెలియదు. ఆ ఆవరణ నీడలో గోలీలాడుకొనేవాళ్లం. గుట్టల సందుల్లో సీతాఫలం చెట్లు విపరీతం. దసరా నాటికి గంప నిండా తెంపుకొచ్చి బియ్యంలో మాగేసేవాళ్లం. కొన్న పండు రుచి నాకు ఉద్యోగం వచ్చాకనే తెలిసింది.

నీళ్ల తొవ్వ

ఇక అసలు సంగతికి వస్తాను. మా పొలిమేరలో నీటికి ఒక పద్ధతి ఉండేది. రామకృష్ణాపురం చెరువు నిండితే ఆ నీరు సఫిల్‌గూడ చెరువుకు, అది నిండితే బండ చెరువుకు, అక్కడినుంచి వాగుల మీదుగా చివరికి మూసీ వైపుకు. సఫిల్‌గూడ చెరువుకు 'నడిమి చెరువు' అని పేరు. నడిమిది అన్నప్పుడే పైన ఒకటి, కింద ఒకటి ఉన్నాయని అర్థం. అంటే ఆ పేరు పెట్టినవారు ఒక చెరువును కాదు, గొలుసు మొత్తాన్ని చూశారన్నమాట.

చెరువుకు తూము, మత్తడి ఉంటాయి. తూము నుంచి పొలాలకు నీరు వదులుతారు. నిండినప్పుడు ఎక్కువైన నీరు మత్తడి దూకి కింది చెరువుకు పోతుంది. ఈ పనులు చూసేవాడు నీరటి. ఎవరి మడికి ఎన్ని గడియలు నీరు పారించాలో వాడి నోటి లెక్క. చెరువు ఎండి నేల బయటపడితే దానిని శికం భూమి అంటారు. నీళ్లు దిగిన ఏడు అందులో దోస, కర్బూజ, జొన్న వేసుకోవచ్చు. నీళ్లు వచ్చిన ఏడు అది చెరువుది. ఈ రివాజు అందరికీ తెలిసినదే. గట్టు మీద రాసి పెట్టనక్కర లేకపోయేది.

మా ఇంటి వెనుక చేదబావి ఉండేది. వానకాలంలో నాలుగు మూరల చేంతాడు సరిపోయేది. ఎండకాలంలో రెండు చేంతాళ్లు ముడివేయాలి. చెరువులో నీరుంటే బావిలో నీరుండేది. అమ్మలక్కలకు ఈ శాస్త్రం ఎవరూ నేర్పలేదు. చెరువు మత్తడి పడింది అనగానే, ఈ ఎండకాలం గండం గడిచింది అనుకొనేవారు.

బతుకమ్మ నాడు ఆ కట్ట మీద కనిపించే వెలుగు ఇంకెక్కడా నేను చూడలేదు. తంగేడు, గునుగు, కట్లపూలు పేర్చి, వాడకట్టు ఆడవాళ్లంతా కట్ట దిగి నీళ్లలో వదిలేవారు. తమిళుల అమ్మాయిలు, మరాఠీ అమ్మాయిలు కూడా వచ్చి ఆడేవారు. మా అక్క పెళ్లయి పోయిన తర్వాత కూడా బతుకమ్మకు ఇంటికి వచ్చిందంటే పుట్టింటి మీద ఎంత ప్రేమో, ఆ చెరువు మీద అంత ప్రేమ.

పట్నం మా మీదికి వచ్చిన తీరు

పట్నం ఒక్కరోజులో రాలేదు. 1958లో పోషకాహార పరిశోధన సంస్థ కూనూరు నుంచి తార్నాకకు వచ్చింది. 1960లో సికింద్రాబాదు కార్పొరేషను హైదరాబాదుతో కలిసింది. 1966లో దక్షిణమధ్య రైల్వే. 1967లో ఈసీఐఎల్, ఆ తర్వాత 1971లో అణు ఇంధన కర్మాగారం మౌలాలికి అవతల వెలిశాయి. వేలాది ఉద్యోగులు వచ్చారు. వారికి ఇళ్లు కావాలి. నాచారంలో ఫ్యాక్టరీలు లేచాయి. 1975లో హుడా ఏర్పడింది, 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చింది. చెల్కలు ప్లాట్లయ్యాయి. గజం ధర అనే మాట మా దిక్కు అప్పుడే విన్నాము. అంతకుముందు భూమి ఎకరాల్లో, గుంటల్లో ఉండేది.

నేను 1971లో గుమాస్తాగా కొలువులో చేరాను. 1969 ఉద్యమంలో చదువు ఒక ఏడు వెనుకబడినా పరీక్ష గట్టెక్కాను. మనవంటి చిన్న జీతగాళ్లకు పట్నం నడిబొడ్డున స్థలం కొనే తాహతు ఎక్కడిది? ఇంటి అప్పు తీసుకొని, అమ్మవారి నగ ఒకటి అమ్మి, పొలిమేరలో 200 గజాలు కొనుక్కున్నవారు మన సభ్యులలోనే ఎందరో ఉన్నారు. నల్లా లేకపోయినా, దీపం లేకపోయినా, వానకాలం చెప్పులు చేతపట్టుకొని నడిచినా, సొంత ఇల్లు అనే తృప్తితో బతికారు. వారిని తప్పుపట్టడం న్యాయం కాదు. అమ్మేవాడు చూపిన కాగితం వారు చూశారు. కాగితంలో లేనిది వారికి ఎవరు చెప్పాలి?

బావుల సంగతి త్వరగానే తేలిపోయింది. ఇంటికో బోరు పడేసరికి చేదబావులు ఎండాయి, ఎండినవాటిని చెత్తతో పూడ్చారు. పట్నానికి 1965లో మంజీరా నీళ్లు, 2004లో కృష్ణ నీళ్లు వచ్చాయి. ఆ వెనుకనే పైపులైన్లు పొలిమేరకూ పాకాయి. నీరు నల్లాలో వస్తున్నప్పుడు చెరువు ఎందుకు అనిపించడం సహజమే. 2024 పార్లమెంటు ఎన్నికల నాటికి మల్కాజిగిరి నియోజకవర్గంలో ఓటర్లు 37 లక్షలు దాటారు, దేశంలోనే పెద్దది. ఒకనాడు రైలు దిగి ఇంటికి పోతూ నక్క కూత విన్న చోటు ఇదేనని ఎవరు నమ్ముతారు?

కాగితంలో ఉన్నది, లేనిది

ఉద్యోగరీత్యా నేను చాలా ఏళ్లు రెవెన్యూ రికార్డులు చూశాను. సేత్వారు, 1954-55 ఖాస్రా పహాణీ మన తెలంగాణ భూములకు పుట్టుమచ్చల వంటివి. ఎన్నిసార్లు చేతులు మారినా, ఆ పుట్టుమచ్చ చూస్తే భూమి ఎవరిదో, ఏ రకమో తెలుస్తుంది. ఒకసారి ఒక సర్వే నంబరు తీసి చూస్తే 'శికం తలాబ్' అని నిక్షేపంగా రాసి ఉన్నది. బయటకు పోయి చూస్తే మూడంతస్తుల ఇళ్లు, గుడి, ట్యూషన్ సెంటరు ఉన్నాయి. కాగితం అబద్ధం చెప్పలేదు, ఇళ్లూ అబద్ధం కాదు. రెండింటి మధ్య చెప్పవలసిన మనిషి లేకపోవడమే లోపం.

ఆ మనిషి ఎక్కడికి పోయాడు? 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దయింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. పాత వ్యవస్థలో దౌర్జన్యం ఉన్నది, అది పోవలసిందే. కాని దానితోపాటు ప్రతి వాగు, ప్రతి గట్టు నోటికి వచ్చిన మనుషులు కూడా తెరమరుగయ్యారు. పొలాలు లేనిచోట నీరటికి పని ఏమి? మా దిక్కు ముసలి నీరటి ఒకాయన, కొత్త కాలనీకి ముగ్గు పోస్తుంటే కట్ట మీద కూర్చొని, "నీళ్లు తొవ్వ మర్వయి బిడ్డా" అన్నాడు. ఆ మాటను అక్కడ ఉన్నవారు ముసలివాని సణుగుడు అనుకున్నారు.

నీళ్లు నిజంగానే మరువలేదు. 1908 సెప్టెంబరు 28న మూసీకి వచ్చిన వరదకు కారణాలు వెతికినప్పుడు, ఎగువనున్న 788 చెరువులలో 221 తెగిపోయినట్టు లెక్క తేలింది. ఒకటి తెగితే ఆ నీరు కిందిదాని మీద పడుతుంది. గొలుసుకట్టు గుణం అది. ఆ గుణాన్ని తెలుసుకొనే మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. అక్కడినుంచి 2000 ఆగస్టు వానకు రండి. మళ్లీ 2020 అక్టోబరు 13 రాత్రికి రండి. ఆ రోజు ఘట్‌కేసర్ దిక్కు 30 సెంటీమీటర్లకు పైగా కురిసింది. చెరువుల కింద, నాలాల పక్క ఉన్న కాలనీలలో మెట్లెక్కి నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి. రామంతాపూర్ మొదలుకొని ఎన్నో చోట్ల మనవంటి పింఛనుదారులు మందులు, సర్టిఫికెట్లు చేతపట్టుకొని మేడ మీద రాత్రంతా నిలబడ్డారు. మన సభ్యులలోనూ ఆ బాధ పడ్డవారున్నారు. వారు ఇల్లు కొన్ననాడు, ఇది మత్తడి నీరు పారే తొవ్వ అని చెప్పిన మనిషి ఒక్కరుంటే బాగుండేది.

మనకు మిగిలిన పని

నిరాశతో ముగించడానికి నేను ఈ వ్యాసం రాయలేదు. 2024 జులైలో ప్రభుత్వం చెరువుల పరిరక్షణకు హైడ్రా సంస్థను ఏర్పాటు చేసింది. దాని పనితీరు మీద ఎవరి అభిప్రాయం వారికి ఉండవచ్చు; ఇక్కడ ఆ చర్చ పెట్టను. ఒక్క సంగతి మాత్రం చెబుతాను. అంబర్‌పేటలో బతుకమ్మకుంట అని ఒకటి ఉండేది. ఏళ్ల తరబడి మట్టి, చెత్త పోసి, పొదలు పెరిగి, అది కుంట అన్న ఆనవాలు కూడా లేకుండా పోయింది. పేరు ఒక్కటే మిగిలింది. 2025లో అక్కడ తవ్వితే కింది నుంచి నీరు ఊరింది. ఆ ఏడు సెప్టెంబరులో ఆడపడుచులు ఆ గట్టు మీద మళ్లీ బతుకమ్మ ఆడారు. పేరు మిగిలి ఉండబట్టి గదా అక్కడ కుంట ఉన్నదని వెతికారు! పేరు కూడా మరిచిపోయి ఉంటే?

అందుచేత మిత్రులందరికీ ఒక విన్నపం. పింఛను లెక్కలు, డీఏ బకాయిల అర్జీలు రాయడంలో మనను మించినవారు లేరు. అదే చేత్తో ఒక్కొక్కరం ఒక్క పేజీ రాద్దాం. మీరు పెరిగిన చోట చెరువు ఎక్కడ ఉండేది? మత్తడి ఏ దిక్కుకు పారేది? ఊరబావి ఇప్పటి ఏ దుకాణం కింద ఉన్నది? బడికి పోయేటప్పుడు దాటిన వాగు పేరేమిటి? మీ వీధికి పాత పేరేమిటి? సర్వే నంబరు గుర్తుంటే సరే, లేకుంటే "వేపచెట్టుకు తూర్పున" అని రాసినా చాలు. తేదీ వేసి, సంతకం చేసి, ఒక ప్రతి ఇంట్లో పిల్లలకు ఇవ్వండి, ఒక ప్రతి మన సంఘం కార్యాలయానికి పంపండి. కాగితం విలువ మనకు ఒకరు చెప్పాలా!

మా వాడకట్టులో హాలీలో లెక్క చెప్పేవారు ఎవరూ మిగలలేదు. అణాల్లో చెప్పేవారు కూడా ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. నీళ్ల తొవ్వ ఎరిగినవారం ఇంకా కొందరం ఉన్నాము. మన జీవిత ధ్రువపత్రం ఏటా ఎలాగూ ఇస్తున్నాము. మన ఊరి జీవిత ధ్రువపత్రం ఒక్కసారి ఇచ్చిపోదాం.